ఇంటి తయారీ రేడియో: భారతదేశంలో అమెచ్యూర్ రేడియో స్వయంనిర్మాణ చరిత్ర, హైదరాబాద్ 'బిట్‌ఎక్స్' స్థానం

వ్యాససంగ్రహం

అమెచ్యూర్ రేడియో అభిరుచిలో తన పరికరాన్ని తానే నిర్మించుకోవడం మొదటినుండి ఉన్న సంప్రదాయం. దీనినే 'హోమ్‌బ్రూ' అంటారు. భారతదేశంలో ఈ సంప్రదాయం లైసెన్సు నియంత్రణ, యుద్ధ మిగులు సామగ్రి, దిగుమతి ఆంక్షలు, స్థానిక విడిభాగాల బజార్లు అనే నాలుగు అంశాల ప్రభావంతో రూపుదిద్దుకున్నది. 1921 నుండి నేటివరకు సాగిన ఈ పరిణామాన్ని ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాద్‌లో రూపొందిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌ను ఈ చరిత్రలో ఒక మలుపుగా గుర్తించి, దాని నిర్మాణసూత్రాన్ని విశ్లేషిస్తుంది. కొరత కారణంగా పుట్టిన స్వయంనిర్మాణం, కొరత తీరిన తరువాత ఏ ఆధారంతో నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: అమెచ్యూర్ రేడియో, హామ్, హోమ్‌బ్రూ, స్వయంనిర్మాణం, సింగిల్ సైడ్‌బ్యాండ్, బిట్‌ఎక్స్, హైదరాబాద్, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో సాధారణంగా ప్రభుత్వ సంస్థలకు, పెద్ద పరిశ్రమలకు, ప్రయోగశాలలకు ప్రాధాన్యం లభిస్తుంది. ఇంటిలో ఒక మూల బల్లమీద టంకం వేసుకుంటూ పరికరాన్ని నిర్మించిన వ్యక్తి కృషి ఆ చరిత్రలో అరుదుగా కనబడుతుంది. భారతదేశంలో రేడియో చరిత్రను ఆకాశవాణి చరిత్రగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అయితే ఆకాశవాణి ఏర్పడటానికి ముందే, ప్రసార సాంకేతికతను తమ చేతులతో పరీక్షించి చూసిన ఔత్సాహికులు ఈ దేశంలో ఉన్నారు.

'అమెచ్యూర్' అనే పదానికి లాటిన్ మూలంలో 'ప్రేమించేవాడు' అని అర్థం. ఆదాయం కోసం కాక, ఇష్టంతో ఒక పనిని చేపట్టినవాడు అమెచ్యూర్. తెలుగులో 'ఔత్సాహిక' అనే మాట ఈ అర్థానికి దగ్గరగా ఉన్నది. పరీక్షలో ఉత్తీర్ణుడై, ప్రభుత్వం నుండి లైసెన్సును, పిలుపు సంకేతాన్ని పొంది, నిర్దేశించిన పౌనఃపున్యాలలో వ్యాపారేతర సంభాషణ జరిపే వ్యక్తిని వాడుకలో 'హామ్' అంటారు. సాధారణ పౌరునికి లేని ఒక అవకాశం అతనికి ఉన్నది. అతడు తన ప్రసారిణిని తానే నిర్మించి, తానే సరిచేసి, తానే ఉపయోగించవచ్చు. స్వయంనిర్మాణ చరిత్రకు పునాది ఈ అవకాశమే.

2. 'హోమ్‌బ్రూ': పదం, పరిధి

ఇంట్లో కాచుకున్న మద్యాన్ని సూచించే ఇంగ్లీషు మాట హామ్‌ల వాడుకలో ఇంటి తయారీ పరికరానికి పేరైంది. దీని పరిధి విశాలమైనది. ఒక్క ట్రాన్సిస్టర్‌తో మోర్స్ సంకేతాలు పంపే చిన్న ప్రసారిణి మొదలుకొని, ఏరియల్, విద్యుత్ సరఫరా, కొలత పరికరాలు, పూర్తిస్థాయి ట్రాన్స్‌సీవర్ వరకు అన్నీ ఇందులోకి వస్తాయి. స్వయంనిర్మాతలలోనూ స్థాయీభేదాలు ఉన్నాయి. ఇతరుల పథకాన్ని యథాతథంగా నిర్మించేవారు కొందరు. దొరకని భాగానికి బదులు దొరికినదాన్ని పెట్టి, అందుకు తగినట్లు పథకాన్ని మార్చేవారు మరికొందరు. పథకాన్నే కొత్తగా రూపొందించేవారు బహుకొద్దిమంది. భారతీయ స్వయంనిర్మాణంలో రెండవ వర్గం ప్రధానమైనది. ఆ వర్గం అనుభవం నుండే మూడవ వర్గం పుట్టిందని తరువాతి విభాగాలలో గమనించవచ్చు.

ప్రపంచ స్థాయిలో చూసినా, అమెచ్యూర్ రేడియో తొలినాళ్లలో స్వయంనిర్మాణం తప్ప మరో మార్గం లేదు. 1912లో అమెరికా చట్టం ప్రైవేటు స్టేషన్లను 200 మీటర్లు, అంతకంటె తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. దూర ప్రసారానికి ఆ తరంగాలు పనికిరావని ఆనాటి నిపుణుల అభిప్రాయం. ఔత్సాహికులు ఆ 'పనికిరాని' తరంగాలతోనే ప్రయోగాలు సాగించారు. 1923 నవంబరులో ఫ్రాన్స్, అమెరికా ఔత్సాహికుల మధ్య దాదాపు 100 మీటర్ల తరంగదైర్ఘ్యంపై అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇరువైపుల సంభాషణ జరిగింది. హ్రస్వతరంగాల శక్తి అప్పటినుండి లోకానికి తెలిసివచ్చింది. సొంతంగా పరికరాన్ని కట్టుకున్నవారు ఆ విజ్ఞానానికి దారితీశారు.

3. భారతదేశంలో తొలి దశ

భారతదేశంలో తొలి అమెచ్యూర్ రేడియో ప్రసారకుడుగా కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తూ పేరు చెబుతారు. 1921లో ఆయన 2జేకే అనే పిలుపు సంకేతంతో ప్రసారం ప్రారంభించారు. అదే నగరానికి చెందిన ముకుల్ బోస్ 2హెచ్‌క్యూ సంకేతంతో ఆయనను అనుసరించారు. దేశంలో క్రమబద్ధమైన రేడియో ప్రసార వ్యవస్థ ఏర్పడకముందే ఇది జరిగింది.

తెలుగు ప్రాంతాలతో సంబంధమున్న ఘట్టం మద్రాసులో కనబడుతుంది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1924 మేలో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. అదే ఏడాది జులై 31న 40 వాట్ల ప్రసారిణితో ప్రసారాలు ప్రారంభించింది. ఆర్థిక ఇబ్బందుల వల్ల 1927లో క్లబ్ ప్రసారాలు ఆగిపోయాయి. దాని ప్రసారిణి మద్రాసు నగర పాలక సంస్థకు చేరగా, ఆ సంస్థ 1930లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఔత్సాహికుల బృందం చేతిలోని యంత్రం ఒక ప్రజాసంస్థ సేవకు ఆధారమైన ఈ సంఘటన, ప్రసార చరిత్రకు అభిరుచి చరిత్ర ఎంత సన్నిహితమో సూచిస్తుంది.

ఈ కాలంలోనే చట్టపరమైన నియంత్రణ బిగిసింది. 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం సమాచార సాధనాలపై ప్రభుత్వానికి ప్రత్యేకాధికారం ఇచ్చింది. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఒక అడుగు ముందుకు వేసి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండటాన్నే నేరంగా పరిగణించింది. దీనితో పరికరాన్ని నిర్మించడం సాంకేతిక చర్యగానే కాక చట్టపరమైన చర్యగా కూడా మారింది. 1930ల మధ్యకాలానికి దేశంలో హామ్‌ల సంఖ్య యాభై కంటె తక్కువే.

4. నిషేధకాలం: నైపుణ్యానికి మరో రూపం

1939లో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపివేసింది. హామ్‌లు తమ ప్రసారిణులను పోలీసులకు అప్పగించాలని ఆదేశించింది. యంత్రాలను స్వాధీనం చేసుకోవడం సాధ్యమైంది గానీ, వాటిని నిర్మించే నైపుణ్యాన్ని స్వాధీనం చేసుకోవడం సాధ్యం కాలేదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై పత్రికలపై ఆంక్షలు పెరిగినప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు 'కాంగ్రెస్ రేడియో' పేరుతో రహస్య ప్రసారాలు నిర్వహించారు. అప్పటికి ఆమె వయసు 22 సంవత్సరాలు. నరిమన్ ప్రింటర్, బాబ్ తన్నా వంటి ఔత్సాహిక రేడియో నిపుణుల సాంకేతిక సహాయం ఆ కేంద్రానికి లభించింది. పోలీసుల కంట పడకుండా స్థావరాన్ని తరచుగా మార్చవలసి వచ్చింది. 1942 నవంబరులో పోలీసుల దాడితో ప్రసారాలు ముగిశాయి. ఉషా మెహతాకు జైలుశిక్ష పడింది.

ఈ ఘట్టాన్ని స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో భాగంగా అనేకులు వివరించారు. స్వయంనిర్మాణ చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం స్పష్టమవుతుంది. పరికరాన్ని కొనుక్కున్నవాడు పరికరం పోతే నిస్సహాయుడవుతాడు. నిర్మించగలిగినవాడు మరొకదాన్ని నిర్మిస్తాడు. వలస ప్రభుత్వం లైసెన్సు విషయంలో చూపిన జాగ్రత్తకు మూలం ఈ గ్రహింపే. స్వతంత్ర భారత ప్రభుత్వం కూడా ఆ చట్టాలనే చాలాకాలం కొనసాగించింది.

5. యుద్ధ మిగులు సామగ్రి, వాల్వుల కాలం

1946 నుండి లైసెన్సుల జారీ మళ్లీ మొదలైంది. 1948 మే 15న మ్హౌలోని సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ప్రారంభమైంది. తరువాతి కాలంలో ఇదే అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియాగా రూపొందింది. సైనిక సంకేతవిభాగానికి చెందిన స్థలంలో ఈ సంస్థ పుట్టడం కాకతాళీయం కాదు. ఆనాడు దేశంలో రేడియో తెలిసినవారిలో పెద్దభాగం సైన్యంలో పనిచేసినవారే.

యుద్ధం మిగిల్చిన సామగ్రి స్వయంనిర్మాతలకు పెన్నిధిగా మారింది. సైనిక గ్రాహకాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, 807 వంటి శక్తి వాల్వులు, పింగాణీ ఆధారాలు తుక్కు బజార్లకు చేరాయి. ఆ కాలంలో ఒక సాధారణ ఇంటి తయారీ ప్రసారిణిలో స్ఫటిక డోలకం, దాని తరువాత ఒక 807 వాల్వు, మాటను తరంగంపై మోపే మాడ్యులేటర్ ఉండేవి. ఈ పద్ధతిని ఏఎం, అంటే ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ అంటారు. వాల్వుకు వందల వోల్టుల విద్యుత్తు కావాలి. పొరపాటున తాకితే ప్రాణాపాయం. అందువల్ల ఆనాటి స్వయంనిర్మాతకు టంకం వేయడం ఎంత ముఖ్యమో, ఒక చేతిని వెనక్కి పెట్టుకొని పనిచేసే క్రమశిక్షణ కూడా అంతే ముఖ్యం.

ఈ దశలోని నిర్మాణం 'పునర్వినియోగ' స్వభావం కలది. సైనికావసరం కోసం చేసిన పరికరాన్ని విప్పి, దాని భాగాలను పౌరావసరానికి మలచడం అందులోని పద్ధతి. భాగాలు ఎక్కడ నుండి వస్తే పథకం అటువైపు వంగడం అనే లక్షణం ఇక్కడే స్థిరపడింది.

6. ఆంక్షల కాలం: బజారే ప్రయోగశాల

1950ల నుండి 1980ల వరకు దేశంలో విదేశీ మారకద్రవ్యం కొరత తీవ్రంగా ఉండేది. జపాన్, అమెరికాలలో తయారైన హామ్ పరికరాలు అధిక సుంకాల వల్ల, దిగుమతి అనుమతుల జాప్యం వల్ల సామాన్యునికి అందేవి కావు. 1960లలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ బెంగుళూరులో వాల్వులు, ట్రాన్సిస్టర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1969లో మొదలైన 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' పత్రిక పథకాలను పాఠకుల ముందుకు తెచ్చింది. సాధారణ రేడియో గ్రాహకానికి కూడా తపాలా కార్యాలయంలో లైసెన్సు కట్టవలసిన కాలమది.

ఈ పరిస్థితులలో విడిభాగాల బజార్లు స్వయంనిర్మాతలకు విశ్వవిద్యాలయాలయ్యాయి. ముంబయి లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీ లాజ్‌పత్ రాయ్ మార్కెట్, చెన్నై రిచీ వీధి, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఇందుకు ప్రసిద్ధి పొందాయి. విదేశీ గ్రంథంలోని పథకంలో ఉన్న ట్రాన్సిస్టర్ సంఖ్య ఇక్కడి దుకాణంలో దొరకదు. దాని బదులు ఏది సరిపోతుందో నిర్ణయించాలంటే, ఆ భాగం పథకంలో చేసే పనేమిటో ముందుగా తెలియాలి. కొరత ఈ విధంగా స్వయంనిర్మాతను అర్థం చేసుకోక తప్పని స్థితిలోకి నెట్టింది. యథాతథంగా అనుకరించే అవకాశం ఉన్న దేశాలలో ఈ ఒత్తిడి అంతగా లేదు.

కొరతను ఆదర్శీకరించడం మాత్రం సరికాదు. సరైన భాగం దొరకక మధ్యలో ఆగిపోయిన నిర్మాణాలు, కొలత పరికరం లేక వికృత తరంగాలు వెలువరించిన ప్రసారిణులు కూడా ఈ కాలానికి చెందినవే. డబ్బు, నగర నివాసం, ఇంగ్లీషు పరిజ్ఞానం, విదేశాలలో బంధువులు ఉన్నవారికే అభిరుచి సులభమైంది. 1980లలో సుంకాల సడలింపుతో పరిస్థితి కొంత మారింది. ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ స్వయంగా వీయూ2ఆర్‌జీ సంకేతంతో లైసెన్సు పొందిన హామ్ కావడం ఈ అభిరుచికి గుర్తింపు తెచ్చింది. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడి శిక్షణకు కేంద్రమైంది.

7. సింగిల్ సైడ్‌బ్యాండ్: స్వయంనిర్మాతకు ఎదురైన అడ్డుగోడ

ఏఎం పద్ధతిలో ప్రసారశక్తిలో అధికభాగం సమాచారం లేని వాహక తరంగానికే ఖర్చవుతుంది. దానికి ఇరువైపులా ఉండే పార్శ్వపట్టీలు రెండూ ఒకే మాటను మోస్తాయి. వాహకాన్ని, ఒక పార్శ్వపట్టీని తొలగించి, మిగిలిన ఒక్క పట్టీని పంపితే తక్కువ శక్తితో ఎక్కువ దూరం చేరవచ్చు. దీనినే సింగిల్ సైడ్‌బ్యాండ్, సంక్షిప్తంగా ఎస్‌ఎస్‌బీ అంటారు. 1960ల తరువాత ప్రపంచ హామ్‌లు క్రమంగా ఈ పద్ధతికి మారారు.

భారతీయ స్వయంనిర్మాతకు ఇది కష్టమైన మలుపు. అక్కరలేని పట్టీని కోసివేయడానికి స్ఫటిక వడపోత కావాలి. సుమారు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పున్న పట్టీని మాత్రమే వదిలి, పక్కనున్నదాన్ని అడ్డుకోవడం దాని పని. ఇటువంటి వడపోతలు దిగుమతి వస్తువులు, ఖరీదైనవి. పైగా ఎస్‌ఎస్‌బీ యంత్రంలో గ్రాహకం, ప్రసారిణి రెండింటికీ అనేక దశలు, చుట్టవలసిన కాయిల్స్, జాగ్రత్తగా సరిచేయవలసిన స్థానాలు ఉంటాయి. ఫలితంగా ఏఎం కాలంలో సొంతంగా ప్రసారిణి కట్టుకున్నవారిలో పలువురు ఎస్‌ఎస్‌బీకి వచ్చేసరికి కొనుగోలుదారులుగా మారక తప్పలేదు. కొనలేనివారు నిశ్శబ్దంగా ఉండిపోయారు.

పరిష్కారం మరో రంగం నుండి వచ్చింది. 1990లలో కంప్యూటర్లు వ్యాపించాయి. వాటిలో గడియార సంకేతానికి వాడే క్వార్ట్జ్ స్ఫటికాలు లెక్కలేనన్ని తయారై, బజారులో చౌకగా దొరికాయి. కేబుల్ టెలివిజన్ విస్తరణతో టీవీ వెనుక తగిలించే చిన్న బాలన్‌లు, వాటిలోని రెండు రంధ్రాల ఫెర్రైట్ ముక్కలు వీధివీధికీ చేరాయి. విడిభాగాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఒక పద్ధతిలో కూర్చే ఆలోచన మిగిలి ఉన్నది.

8. బిట్‌ఎక్స్: హైదరాబాద్ పథకం

ఆ ఆలోచనను సాకారం చేసినవారు హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్. ఆయన పిలుపు సంకేతం వీయూ2ఈఎస్‌ఈ. 2000ల తొలి సంవత్సరాలలో ఆయన 'బిట్‌ఎక్స్ 20' అనే పథకాన్ని బహిరంగంగా ప్రచురించారు. ఇది 14 మెగాహెర్ట్జ్, అంటే 20 మీటర్ల పట్టీలో పనిచేసే, సుమారు 6 వాట్ల శక్తి గల ఎస్‌ఎస్‌బీ ట్రాన్స్‌సీవర్. భారతీయ హామ్‌లకు చౌక పరికరం లేకపోవడాన్ని దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించారు. ఇందులోని మూడు సూత్రాలు ప్రత్యేకంగా గమనించదగినవి.

మొదటిది, ఉభయదిశా నిర్మాణం. వినేటప్పుడు సంకేతం ఏరియల్ నుండి స్పీకర్ వైపు ప్రయాణిస్తుంది. మాట్లాడేటప్పుడు మైకు నుండి ఏరియల్ వైపు ప్రయాణిస్తుంది. రెండు ప్రయాణాలలోనూ అవసరమయ్యే మిశ్రకాలు, వడపోత ఒకటే. బిట్‌ఎక్స్‌లో ఒక్కొక్క వర్ధక దశలో రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురు దిశలలో అమర్చారు. వినే మీటకు విద్యుత్తు ఇస్తే ఒకటి, మాట్లాడే మీటకు ఇస్తే మరొకటి పనిచేస్తుంది. ఒకే మార్గంలో రాకపోకలు రెండూ సాగే ఒంటి వంతెన వంటిదిది. వచ్చిన 14 మెగాహెర్ట్జ్ సంకేతం సుమారు 4 మెగాహెర్ట్జ్ స్థానిక డోలకంతో కలిసి 10 మెగాహెర్ట్జ్‌గా మారి, స్ఫటిక వడపోత గుండా వెళ్లి, చివరకు శబ్దంగా మారుతుంది. ప్రసారంలో ఇదే దారి వెనుకకు నడుస్తుంది. దీనితో భాగాల సంఖ్య, శ్రమ తగ్గాయి.

రెండవది, ప్రతిపుష్టి సూత్రం. వర్ధకంలో పెంపు ఎంత ఉండాలన్నది ట్రాన్సిస్టర్ స్వభావంపై ఆధారపడితే, ఫలానా సంఖ్యగల ట్రాన్సిస్టరే కావాలి. అలా కాకుండా నిర్గమం నుండి కొంతభాగాన్ని వెనుకకు మళ్లిస్తే, పెంపు రెసిస్టర్ల నిష్పత్తిని బట్టి స్థిరపడుతుంది. అప్పుడు గల్లీ దుకాణంలో దొరికే సాధారణ ట్రాన్సిస్టర్ కూడా సరిపోతుంది. అంతకుముందు దశాబ్దాలలో స్వయంనిర్మాతలు భాగానికి బదులు భాగాన్ని వెతికేవారు. బిట్‌ఎక్స్ ఆ వెదుకులాటను పథకంలోనే పరిష్కరించింది. ఏ భాగమైనా సహించేటట్లు రూపొందడం దీని ప్రధాన విశేషం.

మూడవది, ప్రత్యామ్నాయ సామగ్రి. వడపోతకు కంప్యూటర్ల కోసం తయారైన 10 మెగాహెర్ట్జ్ స్ఫటికాలు ఉపయోగపడ్డాయి. ఒకే సరుకులోని స్ఫటికాలను కొని, ఒక్కొక్కదాని పౌనఃపున్యాన్ని పరీక్షించి, దగ్గరగా ఉన్న వాటిని జతకూర్చాలి. విస్తృతపట్టీ ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ ముక్కలు సరిపోయాయి. స్థానిక డోలకపు కాయిల్‌ను కుళాయి వాషర్‌పై చుట్టవచ్చు. శక్తి దశలో ఐఆర్‌ఎఫ్ 510 అనే, మరో అవసరం కోసం తయారైన చౌక మాస్‌ఫెట్‌ను వాడారు. టోరాయిడ్ దొరకలేదని నిర్మాణం ఆగిపోయే పరిస్థితి లేకుండాపోయింది. ఇనుప సామాన్ల దుకాణం కూడా ఎలక్ట్రానిక్ బజారులో భాగమైంది.

పథకంతో పాటు ప్రతి దశ ఎందుకు అలా ఉన్నదో వివరించే సిద్ధాంత భాగం కూడా ఉండటం వల్ల, బిట్‌ఎక్స్ పాఠ్యగ్రంథంగా కూడా పనిచేసింది. ఇతర దేశాల హామ్‌లు దీనిని తమ పట్టీలకు, తమ బజార్లకు తగినట్లు మార్చుకున్నారు. అంతకుముందు వరకు పథకాలు పాశ్చాత్య గ్రంథాల నుండి కోఠీకి చేరేవి. ఇప్పుడు హైదరాబాద్ నుండి పథకం బయటి ప్రపంచానికి వెళ్లింది. భారతీయ స్వయంనిర్మాణ చరిత్రలో ఇది దిశామార్పు.

9. పథకం నుండి ఫలకం వరకు

2016 చివరలో బిట్‌ఎక్స్ 40 వెలువడింది. ఇది 7 మెగాహెర్ట్జ్ పట్టీకి సిద్ధంగా అమర్చిన ఫలకం. హైదరాబాద్‌లోని హెచ్‌ఎఫ్ సిగ్నల్స్ సంస్థ దీనిని అందించింది. కాయిల్స్ చుట్టే పనిలో స్థానిక మహిళా బృందం పాల్గొన్నది. యంత్రాలకు లొంగని ఆ సున్నితమైన పని వారికి ఉపాధిగా మారింది. త్వరలోనే దీనికి 'రాడ్యునో' అనే చిన్న ఫలకం తోడైంది. ఆర్డ్యునో నానో, ఎస్ఐ 5351 అనే చిప్పు కలిసిన ఈ ఫలకం స్థానిక డోలకపు పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. 2017 చివరలో 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే 'మైక్రోబిట్‌ఎక్స్' వచ్చింది. 2022లో వచ్చిన 'ఎస్‌బిట్‌ఎక్స్' రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఆధారంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ రేడియో.

సిద్ధంగా వచ్చిన ఫలకాన్ని స్వయంనిర్మాణం అనవచ్చునా అన్న ప్రశ్న సహజం. సమాధానం ఫలకంలో కంటె దాని బహిరంగ స్వభావంలో ఉన్నది. పథకం, సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉన్నాయి. మైక్రోబిట్‌ఎక్స్ తొలి రూపాలలో అవాంఛిత తరంగాలు, హార్మోనిక్‌లు పరిమితికి మించి వెలువడుతున్నట్లు వినియోగదారులే కొలిచి గుర్తించారు. కారణాలను చర్చించి, సవరణలు ప్రతిపాదించారు. తరువాతి రూపాలలో ఆ సవరణలకు స్థానం లభించింది. పెట్టెను మూసి అమ్మే పరికరంలో వినియోగదారునికి దోషం ఒక ఫిర్యాదుగా మిగులుతుంది. తెరిచి ఉంచిన పరికరంలో అదే దోషం పాఠమవుతుంది. 'టంకం వేసే చేయి' స్థానంలో 'కొలిచే చేయి, రాసే చేయి' కూడా చేరడమే ఈ దశలో వచ్చిన మార్పు.

సామూహిక నిర్మాణానికి మరొక ఉదాహరణ శ్రీహరికోట నుండి 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ సీ6 ద్వారా ప్రయోగించిన 'హామ్‌శాట్'. అమెచ్యూర్ రేడియో సేవకోసం ఇస్రో నిర్మించిన ఈ 42.5 కిలోల ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని భారతీయ హామ్‌లు, మరొకదాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి హామ్ రూపొందించారు. ఇంటి బల్లపై మొదలైన నైపుణ్యం కక్ష్యవరకు చేరిన సందర్భమిది.

10. చేతిపని, భాష

స్వయంనిర్మాణ విజ్ఞానం చేతినుండి చేతికి, కాగితం నుండి చేతికి సాగుతుంది. అందువల్ల భాష ఇందులో కీలకమైనది. తెలుగు పాఠ్యపుస్తకాలు నిరోధకం, ప్రేరకం, డోలకం, వర్ధకం వంటి పదాలను స్థిరపరచాయి. మరమ్మతు దుకాణంలో రెసిస్టర్, కాయిల్, కండెన్సర్ అనే మాటలే వాడుకలో ఉన్నాయి. పదజాలంలోని ఈ ద్వైవిధ్యం పెద్ద అడ్డంకి కాదు. పరికరాల పేర్లు ఏ భాషలో ఉన్నా, చేసే పనికి సంబంధించిన క్రియలు తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. తీగపై పూతను గీకడం, కాయిల్ చుట్టడం, కొసలు మెలివేయడం, టంకం పట్టించడం, స్క్రూ బిగించడం వంటివి అనువాదం అక్కరలేని మాటలు. లోపించినది వివరణ. ఈ భాగం ఇక్కడ ఎందుకు ఉన్నది, ఇది లేకపోతే ఏమవుతుంది అనే తర్కం ప్రధానంగా ఇంగ్లీషులోనే నడిచింది. తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థి చేతినైపుణ్యం కలిగి ఉండికూడా పథకం వెనుకనున్న ఆలోచనకు దూరంగా ఉండిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

11. వర్తమాన స్థితి

నేడు చేతిలో ఇమిడే చైనా రేడియోలు తక్కువ ధరకు లభిస్తున్నాయి. లైసెన్సు పొందినవెంటనే మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. 2003 ప్రపంచ రేడియో సదస్సు తరువాత మోర్స్ పరిజ్ఞానం అంతర్జాతీయంగా తప్పనిసరి కాదు. టంకం వేయడానికి వీలైన కాళ్లున్న భాగాల స్థానాన్ని, కంటికి ఆనని ఉపరితల భాగాలు ఆక్రమిస్తున్నాయి. నిర్మించవలసిన అవసరం దాదాపు తొలగిపోయింది. ఇక మిగిలినది నిర్మించాలన్న ఎంపిక.

ఈ ఎంపికకు సామాజిక విలువ ఉన్నది. 2004 డిసెంబరులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో హామ్ బృందం అండమాన్‌లో ఉన్నది. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి సాధారణ సమాచార వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు ఆ బృందం అత్యవసర సందేశాలను చేరవేసింది. అటువంటి సమయంలో దుకాణం ఉండదు, మరమ్మతు కేంద్రం ఉండదు. తీగను ఎంత పొడవు కోయాలో, బ్యాటరీని ఎలా కలపాలో తెలిసిన మనిషి కావాలి. ఆ తెలివిడి శాంతికాలంలో బల్లమీద అలవడినదే.

చట్టం కూడా మారింది. 1885, 1933 చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. పరికరాల నియంత్రణ కొత్త రూపం దాల్చుతున్న ఈ సమయంలో, ఔత్సాహికుని నిర్మాణస్వేచ్ఛ చర్చకు రావలసిన అంశం. వినియోగించే చేతులు లేకపోతే ఏ స్వేచ్ఛ అయినా కాగితానికే పరిమితమవుతుంది.

12. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. భారతదేశంలో అమెచ్యూర్ రేడియో స్వయంనిర్మాణం అవసరంతో మొదలై, నిషేధం, మిగులు సామగ్రి, కొరత, బహిరంగ సహకారం అనే దశల గుండా సాగింది.

2. దిగుమతి కొరత స్వయంనిర్మాతలను ప్రత్యామ్నాయాల వైపు మళ్లించింది. ప్రత్యామ్నాయం వెతకాలంటే పథకాన్ని అర్థం చేసుకోవలసి రావడంతో, కొరత కొందరిలో రూపకల్పనా సామర్థ్యాన్ని పెంచింది. అనేకులను ఈ రంగానికి దూరం కూడా చేసింది.

3. బిట్‌ఎక్స్ స్థానిక బజారును పథకానికి ఆధారంగా స్వీకరించింది. ఏ భాగమైనా ఇమిడేటట్లు పథకాన్ని రూపొందించడం దాని మౌలిక కృషి. దీని ద్వారా సాంకేతిక విజ్ఞానం హైదరాబాద్ నుండి బయటి దేశాలకు ప్రవహించింది.

4. కొరత తీరిన కాలంలో స్వయంనిర్మాణం నిలబడటానికి బహిరంగ పథకం, కొలిచి సరిదిద్దే సముదాయం, నిర్మాణానికి చట్టపరమైన అనుమతి అనే మూడు ఆధారాలు కావాలి.

5. ఈ విజ్ఞానం తెలుగులో వివరణాత్మకంగా రావలసి ఉన్నది. పదాల అనువాదం కంటె, ఒక పథకం ఎందుకు పనిచేస్తుందో చెప్పే తేటతెలుగు వివరణ అవసరం ఎక్కువ. అటువంటి రచనలు వస్తే, కోఠీ గల్లీలో స్ఫటికాలు ఏరుకునే తరువాతి తరం విద్యార్థికి చేతిపనితో పాటు ఆలోచన కూడా సొంత భాషలో అందుతుంది.